ఇరవై మందిలో లేనివాళ్లు

పత్రికల్లో శ్రద్ధాంజలి ప్రకటనలు నేను వదలకుండా చదువుతాను. ఫొటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ, కింద కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, మనుమలు, మనుమరాళ్లు. ఇంటిపట్టునే బతికిన మనిషికి ఆ జాబితా చాలునేమో. నలుగురిలో బతికిన మనిషికి చాలదు. మా మేనత్త పోయినప్పటి నుంచి ఈ మాట గట్టిగా చెప్పాలని ఉంది.

ఆమెది కోరుట్ల. పెళ్లికి ముందు నుంచే బీడీలు చేసేది. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఒకప్పుడు సంబంధం చూడటానికి వచ్చినవాళ్లు పిల్లకు బీడీలు చేయవస్తుందా అని అడిగేవాళ్లు. నానబెట్టిన తునికాకు కత్తిరించి, చాటలో తంబాకు పోసుకుని, చుట్టి, దారం కట్టి, కట్టలు లెక్కపెట్టి టేకేదారుకు అప్పజెప్పాలి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. బాగా లేవని ఆయన ఏరి పక్కన పడేసిన వాటికి పైసా రాదు. సాయంత్రానికి వేళ్లు మొద్దుబారతాయి, నడుము పట్టేస్తుంది, తంబాకు ఘాటుకు దగ్గు ఆగదు. ఆ పనిని ఒంటరిగా చేస్తే మనిషి నలిగిపోతుందని అత్తకు తెలుసు. పొద్దున్నే అరుగు ఊడ్చి, వాడలో ఒక్కొక్క ఇంటి ముందు నిలబడి పిలిచేది. ‘చాట తీస్కొని రా వదినా, ఇంట్ల కూసొని ఏం జేస్తవు?’ పది గంటలకల్లా ఆ అరుగు మీద కాలు పెట్టే చోటుండేది కాదు.

చేతులు పని చేస్తుంటే మాటలు సాగేవి. ఎవరి కోడలికి నెల తప్పింది, ఎవరి కొడుకు వీసాకు ఎంత అప్పయింది, ఏ షావుకారు వడ్డీ ఎంత అన్నీ అక్కడే తెలిసేవి. తెలుసుకుని ఊరుకోవడం ఆమెకు చేతకాదు. పురుడొచ్చిన ఇంటికి ముందు ఆమె వెళ్లేది. తల్లిలేని పిల్ల పెళ్లికి పసుపు దంచడానికి అరుగంతటినీ వెంటబెట్టుకుని వెళ్లేది. నేను సెలవులకు వెళ్తే, ‘ఏం కోడలా, తిన్నవా?’ అని అడిగి, జవాబు వినకముందే పక్కింటావిడతో నాకు అన్నం పెట్టించేది. ఎవరి ఇంట్లో ఏం వండారో ఆమెకు తెలిసే ఉండేది.

ఆ ప్రాంతం మగవాళ్లు దుబాయికి, మస్కట్‌కు, సౌదీకి వెళ్లిన కాలం అది. అరుగు మీద కూర్చునేవాళ్లలో ఉత్తరం చదవగలిగేది అత్త ఒక్కతే. చెడ్డ కబురుంటే ముందు తను మౌనంగా చదువుకుని, చాట పక్కన పెట్టి, ఆ మనిషిని లోపలికి తీసుకెళ్లి చెప్పేది. అందరి ముందు చదివేది కాదు. తర్వాత క్యాసెట్లొచ్చాయి. సెలవు మీద వచ్చి తిరిగి వెళ్లేవాళ్ల చేతికి, మాటలు రికార్డు చేసిన క్యాసెట్ ఇచ్చి పంపేవాళ్లు. కొత్త పెళ్లికూతుళ్లు టేప్‌రికార్డర్ ముందు కూర్చుని నోరు విప్పేవాళ్లు కాదు. అత్తే మొదలుపెట్టేది. ‘ఏం తమ్మీ, మంచిగున్నవా? నీ పెండ్లాం సిగ్గువడుతున్నది. నేను బయటికి పోతున్న, ఇగ జెప్తది విను’ అని, తలుపు దగ్గరికి వేసి, నిజంగానే బయటికి వెళ్లిపోయేది. ఆమె చేసిన పనులన్నిటిలో నాకు ఇదే గొప్పదనిపిస్తుంది. మాటలు రానివాళ్లకు ముందు మాట అందించడం ఎంతో, ఆ తర్వాత వాళ్లను వాళ్ల మానాన వదిలేయడం కూడా అంతే అవసరం. రెండోది చాలామందికి చేతకాదు.

2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల పింఛను మొదలుపెట్టినప్పుడు, పీఎఫ్ కాగితాలు ఎక్కడున్నాయో తెలియని ఆడవాళ్లందరూ ఆమె దగ్గరికే వచ్చారు. ట్రంకుపెట్టెలు తీయించి, పుస్తకాలు వెతికించి, ఆఫీసుకు వెంట వెళ్లింది. 2019లో ఆ పింఛను 2,016 అయింది. ఆ నెల అరుగు మీద అందరికీ చాయ్ ఆమే పోసింది.

2021 మే నెలలో పోయింది. ఆ నెల 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్. అంత్యక్రియలకు ఇరవై మందికి మించి ఉండకూడదు. నిబంధన అవసరమైనదే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఆ ఇరవై మందిని ఎంచాల్సి వచ్చినప్పుడు మేం ఏం చేశామో చూడండి. కొడుకులు, అల్లుళ్లు, అన్నదమ్ములు, బావమరుదులు. ఏడాదికోసారి వచ్చిపోయే బంధువులకు చోటు దొరికింది. నలభై ఏళ్లు మోకాలికి మోకాలు తాకేలా కూర్చున్నవాళ్లలో ఒక్కరి పేరూ ఎవరికీ తట్టలేదు. పాడె వెళ్తుంటే వాళ్లు ఎవరి గడపలో వాళ్లు నిలబడి ఏడ్చారు. ధర్మపురి గోదావరిలో అస్థికలు కలిపినప్పుడూ లేరు.

ఆ ఏడు అక్టోబర్ 6న పెత్రమాస. తెలంగాణలో ఆ రోజుకో ప్రత్యేకత ఉంది. పొద్దున పోయినవాళ్ల పేరు మీద అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తారు. అదే సాయంత్రం తంగేడు, గునుగు, బంతి పేర్చి ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. పెద్దలను తలుచుకోవడమూ, పాటా ఒకే రోజు పెట్టుకున్న మన ఆడవాళ్ల తెలివికి దండం పెట్టాలనిపిస్తుంది. అయితే ఏడాది తిరగని ఇంటికి పండుగ ఉండదు. మేం తలుపు దగ్గరికి వేసుకుని కూర్చున్నాం. చెరువుకు వెళ్లే ముందు అరుగు మీదివాళ్లు తాంబాలాలతో వచ్చి అత్త ఇంటి ముందు ఆగారు. పెద్దావిడ, ‘పండుగ మీ ఇంటికి లేదు, వాడకున్నది. పాట ఎత్తేది ఆమెనే, ఆమె అరుగు కాడనే ఎత్తుతం’ అంది. అడ్డు చెప్పే హక్కు మాకు లేదని అప్పుడు అర్థమైంది.

ఇరుగుపొరుగుతో కలిసి బతికిన మనిషి జ్ఞాపకాల్లో ఇంటివాళ్లకు తెలిసేది కొద్ది భాగమే. మిగతాదంతా బయటివాళ్ల దగ్గరుంటుంది, అది అడిగితేనే వస్తుంది. కర్మనాడు టెంటు వేసి భోజనాలు పెడతాం. విస్తళ్లు ఎత్తగానే అందరినీ పంపేస్తాం. ఒక గంట ఆపి, ఆమెతో మీకేం పని పడింది, ఏం మాట్లాడుకునేవాళ్లు అని అడిగితే ఏం పోతుంది? జేబులో ఉన్న ఫోన్లోనే రికార్డు చేసుకోవచ్చు. అత్తతో బీడీలు చేసినవాళ్లలో చాలామంది ముసలివాళ్లయ్యారు. వాళ్లకు తెలిసింది వాళ్లతోనే పోకముందే అడగాలి.

2022లో సంవత్సరీకం కార్డు అచ్చు వేయించేటప్పుడు ‘ఇట్లు’ కింద కుటుంబ సభ్యుల తర్వాత అరుగు మీదివాళ్ల పేర్లన్నీ రాశాం. మా చిన్నాన్నకు నచ్చలేదు. ‘వాళ్లు మనకు ఏమైతరు?’ అన్నాడు. నాన్న, ‘మనకు గాదు, అక్కకు ఏమైతరో అడుగు’ అన్నాడు. ప్రెస్సు అతను కూడా వరస ఏమని వేయాలని అడిగాడు. ‘తోటి బీడీ కార్మికులు’ అని వేయించాం. ఆ రోజు భోజనాలయ్యాక వాళ్లెవరూ లేవలేదు. టెంటు విప్పడానికి వచ్చిన కుర్రాళ్లు కూడా కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. వాళ్లలో ఒకడి తల్లి కథ అప్పుడే మొదలైంది.