ముందు ఎస్‌ఎంపీఎస్, తర్వాతే గ్రాఫిక్ కార్డు

ఇంటర్ ఫలితాలొచ్చి ఇంజనీరింగ్ సీటు ఖాయమయ్యాక చల్లపల్లి, మొవ్వ, ఘంటసాల, అవనిగడ్డ వైపు ఇళ్లలో కంప్యూటర్ మాట వస్తుంది. పిల్లలు గేమింగ్ సిస్టం కావాలంటారు, పెద్దవాళ్లు చదువుకి పనికొచ్చేది చాలంటారు, చివరికి బడ్జెట్ నలభై, యాభై వేల మధ్య తెగుతుంది. ఆ డబ్బుతో బెజవాడ బస్సెక్కి, గవర్నర్‌పేటలోనో ఏలూరు రోడ్డులోనో షాపులోకి అడుగుపెట్టగానే నోటికొచ్చే మొదటి ప్రశ్న, "గ్రాఫిక్ కార్డు ఏది వస్తుంది?" అని. నా అభ్యంతరం ఈ ప్రశ్నతోనే. డబ్బు తక్కువగా ఉన్నప్పుడు మొదటి సిస్టంలో అన్నిటికంటే ఆఖరున కొనాల్సింది గ్రాఫిక్ కార్డు. ముందు చూసుకోవాల్సింది, సిస్టం భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె, ఎవరూ అడగని ఎస్‌ఎంపీఎస్.

క్యాబినెట్‌తో కలిపి ఇచ్చేసే చవక ఎస్‌ఎంపీఎస్‌ పక్కన అంటించిన చీటీ ఒకసారి తీరిగ్గా చదవండి. పెద్దక్షరాల్లో 450 వాట్లని ఉంటుంది. దాని కింద చిన్న గళ్లలో 3.3, 5, 12 వోల్టుల లైన్లు ఒక్కొక్కటీ ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలవో రాసి ఉంటుంది. ప్రాసెసరూ గ్రాఫిక్ కార్డూ ప్రధానంగా ఆధారపడేది 12 వోల్టుల లైను మీద. అక్కడ 16 ఆంపియర్లని ఉందనుకుందాం. 12ని 16తో గుణిస్తే 192 వాట్లు, అంతే. 2021 అక్టోబరులో వచ్చి ఇప్పటికీ తక్కువ బడ్జెట్ వాళ్లు వెతికే రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 కార్డు ఒక్కటే 132 వాట్లు తీసుకుంటుంది. రైజెన్ 5 ప్రాసెసర్‌కి కంపెనీ చెప్పే లెక్క 65 వాట్లు, పని ఎక్కువైతే అది కూడా దాటుతుంది. ఈ రెండే 197 అయ్యాయి, ఫ్యాన్లూ డిస్కూ ఇంకా కలపనేలేదు. ఆట మంచి పట్టులో ఉన్నప్పుడు సిస్టం దానంతటదే రీస్టార్ట్ అయితే గేమునీ విండోస్‌నీ తిట్టుకుంటాం కానీ, ఆ చీటీ వైపు చూడం. అదే జత నిజమైన 450, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మీద నిశ్చింతగా నడుస్తుంది. 80 ప్లస్ గుర్తు ఉంటే చాలా అంటే, అది ఉండాలి గానీ అదొక్కటే చాలదు. కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో ఆ గుర్తు చెబుతుంది. వోల్టేజి ఎగిసినప్పుడు, షార్టయినప్పుడు కట్ చేసే రక్షణలు ఉన్నాయో లేదో వేరే చూసుకోవాలి.

ఈ రక్షణలు మన దగ్గర మరీ అవసరం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, 2025 అక్టోబరులో మొంథా తుఫాను నరసాపురం దగ్గర దాటింది. దివిసీమ అంచున ఉన్న మండలాలకి ఈదురుగాలికి కరెంటు పోవడం, రావడం, మళ్లీ పోవడం ఏటా ఉన్నదే. కరెంటు తిరిగొచ్చే ఆ క్షణంలో వోల్టేజి ఎగిస్తే మొదటి దెబ్బ ఎస్‌ఎంపీఎస్‌కి తగులుతుంది. నాసిరకం పెట్టె అయితే తను పోతూ మదర్‌బోర్డునీ డిస్కునీ వెంట తీసుకుపోవచ్చు. అందుకే మంచి ఎస్‌ఎంపీఎస్, సరైన ఎర్తింగు ఉన్న ప్లగ్గు, ఒక 600 వీఏ యూపీఎస్ ఈ ప్రాంతంలో కొసరు ఖర్చులు కావు. రంగురంగుల లైట్ల క్యాబినెట్‌కి పెట్టే డబ్బు వీటికి మళ్లిస్తే సగం సమస్య తీరుతుంది.

మరి గ్రాఫిక్ కార్డు లేకుండా ఆటలెలా? లోపలే గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్‌తో మొదలుపెట్టాలి. 2021లో విడిగా అమ్మకానికొచ్చిన రైజెన్ 5 5600జీ ఇందుకు సరైన ఉదాహరణ. ఆరు కోర్లు, అందులోనే గ్రాఫిక్స్. వాలరెంట్ లాంటి ఉచిత ఆట సెట్టింగులు తగ్గిస్తే సెకనుకి అరవై ఫ్రేములు దాటి ఆడుతుంది, జీటీఏ 5 కూడా ఆడుకోవచ్చు. సైబర్‌పంక్ లాంటి భారీ ఆటలు దీని మీద ఆశించకూడదు. ఇక్కడ షాపులో పట్టుబట్టాల్సిన మాట ఒకటుంది. లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, సిస్టం ర్యామ్‌నే వాడుకుంటుంది. అందుకని 16 జీబీ ఒకే స్టిక్‌గా కాకుండా ఎనిమిదేసి జీబీల స్టిక్‌లు రెండు వేయించాలి. రెండు దారుల్లో డేటా నడిచి ఫ్రేములు బాగా పెరుగుతాయి. ఒక స్టిక్ ఇప్పుడు, ఇంకోటి తర్వాత అని షాపువాడు ఎంత తీయగా చెప్పినా ఒప్పుకోవద్దు.

విషయం తెలిసినవాళ్లు ఇక్కడొక అభ్యంతరం చెబుతారు. 5600జీలో క్యాష్ మెమరీ 16 ఎంబీ, జీ లేని 5600లో 32. రేపు గ్రాఫిక్ కార్డు వేసినప్పుడు 5600దే పైచేయి కదా అని. నిజమే, కొన్ని ఫ్రేములు తగ్గుతాయి. కానీ 5600కి కార్డు లేకపోతే తెర మీద బొమ్మే రాదు. ఆ కార్డు కోసం మిగతా అన్నిట్లో కోత పెట్టాల్సి వస్తుంది, ఆ కోత ముందు పడేది ఎస్‌ఎంపీఎస్ మీదే. మంచి పునాది మీద కొన్ని ఫ్రేములు వదులుకోవడం నాకు నష్టంగా కనిపించదు.

రెండు విడతల్లో కొనడం డెల్టా ఆదాయానికీ సరిపోతుంది. సార్వా ధాన్యం డబ్బు సంక్రాంతికి అటూఇటూగా చేతికొస్తుంది, మినుముల డబ్బు వేసవికి. నెలనెలా జీతం లేని ఇంటికి నెలనెలా ఈఎంఐ తగిలిస్తే మధ్య నెలల్లో చేబదులు తప్పదు. ఒక పంట డబ్బుతో సిస్టం, ఇంకో పంట డబ్బుతో గ్రాఫిక్ కార్డు అనుకుంటే అప్పే అక్కర్లేదు. ఎస్‌ఎంపీఎస్ ముందే సరైనది పెట్టుకున్నాం కాబట్టి రెండో విడతలో విప్పి పారేసేదేమీ ఉండదు.

దీనికి పోటీగా మార్కెట్లో దొరికేది "ఐ7, 16 జీబీ, 4 జీబీ గ్రాఫిక్స్" అని బోర్డు పెట్టి చవగ్గా అమ్మే రెడీమేడ్ గేమింగ్ సిస్టం. ఆ ఐ7 చాలాసార్లు 2011, 2012 నాటిది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్ ప్రాసెసర్ కనీసం ఎనిమిదో తరానిది ఉండాలి. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఆ కాలపు బోర్డుల్లో అది లేదు. ఇక ఆ 4 జీబీ గ్రాఫిక్స్ జీటీ 730 అయితే, అది 2014లో వచ్చిన కార్డు, 5600జీ లోపలి గ్రాఫిక్స్ కంటే వెనకబడే ఉంటుంది. జీబీల అంకె చూపించి పిల్లల ఆశని అమ్ముకునే ఈ వ్యాపారం మీద నాకు నిజంగానే కోపం ఉంది. సెకండ్‌హ్యాండ్ వద్దనను. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారి గ్రాఫిక్ కార్డులతో దాని మైనింగ్ ఆగిపోయాక, వాడిన కార్డులు కుప్పలుగా బయటికొచ్చాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. కాకపోతే పాత కార్డుకి కొత్త పేరు కనిపించేలా సాఫ్ట్‌వేర్ మార్చి అమ్మేవాళ్లున్నారు. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాంతో పరీక్షించి, ఆట అరగంట నడిపి చూశాకే డబ్బివ్వాలి.

ల్యాప్‌టాప్ కొంటే కాలేజీకి పట్టుకెళ్లొచ్చు కదా అనేది గట్టి ప్రశ్న. హాస్టల్లో ఉండే విద్యార్థికి అదే మేలు, కాదనను. ఇంట్లో ఉండి చదివేవారికి లెక్క వేరు. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ బోర్డుకే అతికి ఉంటుంది. మే నెల ఎండల్లో ఆ సన్నని డబ్బాలో వేడి బయటికి పోక వేగం తగ్గుతుంది, బోర్డు పోతే దాదాపు మొత్తం పోయినట్టే. డెస్క్‌టాప్‌లో పాడైన భాగం ఒక్కటే మారుతుంది. 2014 నుంచి వీధులు శుభ్రం చేసుకుంటూ వస్తున్న స్వచ్ఛ చల్లపల్లి ఊరికి, చెత్తలో పడే ఎలక్ట్రానిక్స్ తగ్గడం ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. ఒకటే షరతు, జీఎస్టీ బిల్లు తీసుకోవాలి. 18 శాతం మిగులుతుందని బిల్లు లేకుండా కొంటే, రెండేళ్ల తర్వాత వారంటీ అడగడానికి చేతిలో కాగితం ఉండదు.

ధరలు తగ్గేదాకా ఆగుదామనేవారికి ఒక మాట. 2025 మొదట్లో మూడు వేలకి అటూఇటూగా దొరికిన 16 జీబీ ర్యామ్, ఏడాది తిరిగేసరికి రెండింతలు దాటింది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లని ఎగరేసుకుపోతున్నాయి. క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకి ర్యామ్ అమ్మే వ్యాపారం మానుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. అవసరం ఉన్నవాళ్లు ఆగి లాభపడతారన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు.

ఇక అసలు ఆటల మీదే పెద్దవాళ్లకుండే అభ్యంతరం, భయం. ఈ భయానికి కారణం ఉంది. ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగులు కుటుంబాల్ని అప్పుల్లోకి దింపడం చూశాకే మన రాష్ట్రం 2020లో వాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం కూడా డబ్బు పందెం ఆటల్నే నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ని విడిగా గుర్తించింది. పందేనికీ ఆటకీ చట్టమే గీత గీసింది. గేమింగ్ కోసం కట్టిన సిస్టం మీదే బ్లెండర్, ఆటోక్యాడ్, ప్రోగ్రామింగ్ అన్నీ నడుస్తాయి. ఆట శ్రుతి మించుతుందన్న దిగులు మాత్రం మిగులుతుంది. ఆ ఆటలు ఇప్పటికే పిల్లల ఫోన్లలో, దుప్పటి కింద నడుస్తున్నాయి. హాల్లో బల్ల మీద నలుగురి కళ్లెదుట ఉండే కంప్యూటర్‌ని పరీక్షల ముందు ఆపించడం పెద్దవాళ్లకి ఆ ఫోన్‌ని ఆపించడం కంటే తేలిక.