గనిలో గోల్ఫ్ ఆడుతున్నారు.. మరి మన రామగిరి సంగతేంటి?

గోల్ఫ్‌లో బంతి బంకర్‌లో పడితే ఆటగాడు కర్ర ఊపగానే తెల్లటి ఇసుక ఎగురుతుంది. అమెరికాలోని మోంటానా రాష్ట్రం, అనకొండ పట్టణంలో ఉన్న ఓల్డ్ వర్క్స్ మైదానంలో మాత్రం నల్లటి పొడి ఎగురుతుంది. అది ఇసుక కాదు. రాగి ఖనిజాన్ని కరిగించి లోహం తీసేశాక మిగిలిన స్లాగ్. విషపదార్థాలతో నిండిపోయిన పాత రాగి కర్మాగారం స్థలాన్ని కప్పి, పైన మట్టి పోసి, గడ్డి పెంచి 1997లో ఈ మైదానాన్ని తెరిచారు. డిజైన్ చేసింది ప్రఖ్యాత ఆటగాడు జాక్ నిక్లాస్.

ఫ్లోరిడాలోని స్ట్రీమ్‌సాంగ్‌ది ఇంకో కథ. అక్కడ ఫాస్ఫేట్ కోసం భూమిని తవ్వారు. తవ్వినప్పుడు పక్కన పోసిన ఇసుక గుట్టలు గడ్డి పట్టి మిట్టలయ్యాయి. గుంతల్లో నీళ్లు నిలిచి చెరువులయ్యాయి. 2012లో అక్కడ మొదటి గోల్ఫ్ కోర్సులు మొదలయ్యాయి. చదునైన ఫ్లోరిడాలో ఇలాంటి ఎత్తుపల్లాలు అరుదు. ఒక కాలు ఎత్తులో, ఒక కాలు పల్లంలో పెట్టి కొట్టాలి. ఎదురుగాలిలో చెరువు దాటించాలి. ఆ కష్టం కోసమే ఆటగాళ్లు వెతుక్కుంటూ వెళ్తారు. గని మిగిల్చిన గాయాలే అక్కడ ఆటకు ఆకర్షణ.

నంబులపూలకుంటలో కూర్చుని ఇది చదువుతుంటే 'మనకెందుకీ గోల్ఫ్ గొడవ' అనిపించవచ్చు. కానీ మన శ్రీసత్యసాయి జిల్లాలోనే తవ్వి మూసేసిన బంగారు గనులున్నాయి. రామగిరిలో బ్రిటిష్ వాళ్ల కాలంలోనే తవ్వకాలు జరిగాయి. తర్వాత ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ తవ్వింది. 2001లో పని ఆగిపోయింది. అదే సంస్థకు చెందిన కోలార్ గనులు, అంటే సినిమాతో అందరికీ తెలిసిన కేజీఎఫ్, మూతపడిందీ అదే ఏడాది.

కేజీఎఫ్‌లోనూ గోల్ఫ్ ఉంది

కేజీఎఫ్‌లో తమిళులతో పాటు చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు కూడా తరతరాలుగా పనిచేశారు. అక్కడి క్లబ్‌కు బ్రిటిష్ కాలం నుంచీ గోల్ఫ్ మైదానం ఉంది. అయితే అనకొండకూ దానికీ పోలిక లేదు. అనకొండలో గోల్ఫ్ వచ్చింది పాడైన భూమిని బాగుచేయడానికి. కేజీఎఫ్‌లో వచ్చింది గని నడుస్తుండగా, దొరల కాలక్షేపానికి. గని వ్యర్థాలు మాత్రం కార్మికుల కాలనీల పక్కనే గుట్టలుగా పేరుకున్నాయి.

స్థానికులు వాటిని సైనైడ్ దిబ్బలంటారు. రాయిని పిండి చేసి, సైనైడ్‌తో బంగారం తీశాక మిగిలిన పొడి అది. గాలి వీస్తే ఇళ్లలోకి వస్తుంది. ఇలాంటివి 13 దిబ్బలు, వెయ్యి ఎకరాలకు పైగా స్థలంలో, దాదాపు 3.3 కోట్ల టన్నులు. వాటిలో మిగిలిన బంగారాన్ని మళ్లీ తీసే ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం 2024 జూన్‌లో ఒప్పుకుంది. అంటే గని మూతపడిన 23 ఏళ్లకు ఆ దిబ్బలు గుర్తొచ్చాయి. అది కూడా బంగారం కోసం.

అనకొండలో ఎందుకు బాగుచేశారు, ఇక్కడ ఎందుకు చేయలేదు? అక్కడివాళ్లు మంచివాళ్లనేం కాదు. అమెరికాలో సూపర్‌ఫండ్ చట్టం ఉంది. కాలుష్యం చేసిన కంపెనీ, లేదా ఆ కంపెనీని కొన్న కంపెనీ, శుభ్రం చేసే ఖర్చు భరించాల్సిందే. అనకొండ కంపెనీని 1977లో కొన్న ఆర్కో అనే చమురు సంస్థ మీద ఆ భారం పడింది. ఎలాగూ కప్పాల్సిన భూమే కదా, పైన గోల్ఫ్ పెడదాం అనుకున్నారు.

మన దగ్గర గని మూసేటప్పుడు ఏం చేయాలో ముందే ప్లాన్ ఇవ్వాలన్న నిబంధన 2003 ఏప్రిల్‌లో వచ్చింది. రామగిరి, కేజీఎఫ్ 2001లోనే మూతపడ్డాయి. రెండేళ్ల తేడా, అంతే.

ఇప్పుడు నిబంధన ఏం చెబుతోంది?

బంగారం, సున్నపురాయి లాంటి పెద్ద ఖనిజాలకు 2017 నాటి ఖనిజ సంరక్షణ, అభివృద్ధి నియమాలు వర్తిస్తాయి. వాటి ప్రకారం గనికి రెండు రకాల మూసివేత ప్లాన్లు ఉండాలి. ఒకటి తవ్వుతూనే దశలవారీగా బాగుచేసేది, రెండోది చివర్లో చేసేది. తవ్వేముందు పై మట్టిని విడిగా తీసి దాచాలి. గడ్డయినా చెట్టయినా మొలిచేది ఆ మట్టిలోనే కాబట్టి నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన నిబంధన ఇదే.

డబ్బు హామీ కూడా ఉంది. యంత్రాలతో తవ్వే పెద్ద గనులకు హెక్టారుకు రూ.5 లక్షలు, చిన్నవాటికి రూ.3 లక్షలు. 2021లో పెంచకముందు ఇవి మూడు, రెండు లక్షలే. వంద హెక్టార్ల పెద్ద గనికి లెక్క వేస్తే రూ.5 కోట్లు, అంటే ఎకరాకు సుమారు రూ.2 లక్షలు. మీ ఊళ్లో బోరు వేయించిన రైతును అడగండి, ఆ డబ్బుతో లోతైన గుంత పూడ్చి, మట్టి పోసి, గడ్డి పెంచడం అయ్యే పనేనా అని.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. తవ్వకం పూర్తయ్యాక ఆ భూమిలో తిరిగి గడ్డి పెంచాలని, పశువుల మేతకు, మొక్కలకు పనికొచ్చేలా చేయాలని మైనింగ్ లీజుల్లో షరతు పెట్టండంటూ సుప్రీంకోర్టు 2020 జనవరిలో కేంద్రాన్ని ఆదేశించింది. గొర్రెలు, మేకల మీద బతికే మన ప్రాంతానికి ఇంతకంటే పనికొచ్చే ఆదేశం ఉండదు.

మరి ఇక్కడ గోల్ఫ్ పెడితే?

నీళ్ల దగ్గరే తేలిపోతుంది. హెక్టారు భూమి మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే 10 వేల లీటర్లు. 18 హోల్స్ మైదానంలో 30 హెక్టార్ల పచ్చిక ఉందనుకుందాం. మన ఎండకు రోజుకు 5 మిల్లీమీటర్లు తడపాలనుకుంటే 15 లక్షల లీటర్లు. జల్‌జీవన్ మిషన్ లెక్కలో మనిషికి రోజుకు 55 లీటర్లు. అంటే 27 వేల మంది తాగి వాడుకునే నీళ్లు. హిందూపురంలో ట్యాంకర్ కోసం బిందెలు వరుసలో పెట్టిన వాళ్లకు ఈ లెక్క వివరించక్కర్లేదు. శుద్ధి చేసిన మురుగునీటితో పచ్చిక పెంచే మైదానాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. కానీ అందుకు పక్కన పెద్ద నగరం కావాలి.

కాబట్టి రామగిరిలో గోల్ఫ్ రావాలని నేనేమీ అనను. గోల్ఫ్ పచ్చిక కింద జరిగిన పని మాత్రం మనకూ కావాలి. విషాన్ని కప్పడం, వాన నీళ్లు దానిలోకి దిగకుండా మళ్లించడం, పైన మంచి మట్టి పోయడం. ఆ పైన గడ్డి మీద బంతి దొర్లుతుందా, గొర్రె మేస్తుందా అనేది తర్వాతి మాట.

ఇప్పుడే ఎందుకు అడగాలి?

ఎందుకంటే బంగారం మళ్లీ వార్తల్లోకి వచ్చింది. 2022లో రామగిరి నార్త్, బొక్సంపల్లి బంగారు బ్లాకుల పేర్లు వేలం జాబితాలో కనిపించాయి. పక్కన కర్నూలు జిల్లా జొన్నగిరిలో ప్రైవేటు బంగారు గని వచ్చింది. పెద్ద ప్రాజెక్టుకు భూమి వెళ్లడమంటే ఏంటో నంబులపూలకుంట వాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2016లో ఎన్టీపీసీ 250 మెగావాట్ల సోలార్ ప్లాంటు నడవడం మొదలైంది అక్కడే కదా. సోలార్ పలకల్ని తీసేస్తే కింద నేల అలాగే ఉంటుంది. గని గుంతకు ఆ వెసులుబాటు లేదు.

పెద్ద గనికి పర్యావరణ అనుమతి ఇవ్వాలంటే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. పరివేష్ పోర్టల్‌లో ప్రాజెక్టు పేరు కొడితే పత్రాలు దొరుకుతాయి. సభకు వెళ్తే ఉద్యోగాలెన్ని అని అందరూ అడుగుతారు, అడగాలి కూడా. దానితో పాటు పై మట్టి ఎక్కడ పోస్తారో, వ్యర్థాల దిబ్బ ఏ ఊరికి ఎంత దూరమో, చివర్లో ఎన్ని ఎకరాలు మేతకు తిరిగొస్తుందో అడగండి. మీరు చెప్పింది మినిట్స్‌లో రాయించండి.

ఇప్పటికే నడుస్తున్న గని అయితే మూసివేత ప్లాన్, హామీ మొత్తం వివరాల కోసం ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్‌కు సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. ఫీజు రూ.10. కేంద్ర సంస్థ కాబట్టి ఫోన్‌లోనే ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా పంపేయొచ్చు. గ్రానైట్, కంకర క్వారీలైతే దారి వేరు, రాష్ట్ర గనుల శాఖ జిల్లా కార్యాలయాన్ని అడగాలి.