చేతులు కడుక్కోవడానికి అసిటోన్ వద్దు



మధిర వంటి పట్టణాలలో ఫైబర్ తలుపులో, నీటి తొట్లో, విగ్రహాలో తయారుచేసే షెడ్డును మీరు చూసే ఉంటారు. అక్కడ ఒక మూలన మూతలేని డబ్బాలో అసిటోన్ ఉంటుంది. రెజిన్ అంటిన బ్రష్షులను, రోలర్లను అందులో ముంచి కడుగుతారు. పని ముగిశాక చేతులూ దానితోనే కడుక్కుంటారు. ఈ అలవాటు మానవలసిందే. మాన్పించవలసిన బాధ్యత కార్మికునిది కాదు, యజమానిది.

అసిటోన్ కాలకూట విషమేమీ కాదు. మన దేహంలోనూ అది కొద్దిగా తయారవుతుంది. దాని ప్రమాదం వేరు. సున్నాకు దిగువన సుమారు 20 డిగ్రీల చలిలో సైతం అది మండగల ఆవిరిని వెలువరిస్తుంది. ఇక 40 డిగ్రీలు దాటే మన ఖమ్మం వేసవి సంగతి చెప్పాలా? గాలికంటె బరువైన ఆ ఆవిరి నేలవెంట పాకి, దూరాన ఉన్న నిప్పురవ్వను అందుకోగలదు. చర్మంలోని సహజమైన జిడ్డును కరిగించి, పగుళ్లు తెస్తుంది. పగిలిన చర్మానికి రెజిన్, హార్డ్‌నర్ మరింత హాని చేస్తాయి. పలుచని నైట్రైల్ తొడుగులను సైతం అసిటోన్ త్వరగా దాటిపోతుంది.

మరి ప్రత్యామ్నాయమేమిటి? మొదట పనిముట్టుకు అంటిన రెజిన్‌ను గడ్డకట్టకముందే గీకి, గుడ్డతో తుడవాలి. తరువాత డైబేసిక్ ఎస్టర్ లేదా ప్రొపిలీన్ కార్బొనేట్ ద్రవంలో కడగాలి. మొదటిది సుమారు 100 డిగ్రీలకు, రెండవది సుమారు 130 డిగ్రీలకు చేరితే తప్ప మండగల ఆవిరి పుట్టదు. రెజిన్‌ను నీటిలో కలిసేలా చేసే సబ్బు ద్రావణాలూ ఉన్నాయి. చివరకు నీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. తడి మిగిలితే తరువాతి పోత సరిగా గట్టిపడదు. చేతులకైతే వంటనూనె రుద్ది, తుడిచి, సబ్బుతో కడుక్కోవడం మేలు.

"అవి ఖరీదు కదా, ఆలస్యం కదా" అంటారు. నిజమే. కానీ అసిటోన్ గాలిలో కలిసిపోతుంది. ఇవి ఆవిరి కాక పలుమార్లు పనికివస్తాయి. అయితే ఇవీ నిరపాయం కావు: కళ్లను మండిస్తాయి, డైబేసిక్ ఎస్టర్ ఆవిరి చూపును మసకబార్చగలదు. కళ్లద్దాలు, తగిన తొడుగులు తప్పవు. నిప్పంటుకోదని మిథిలీన్ క్లోరైడ్ వైపు మాత్రం పోకండి; అది దేహంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది.

ఇంకొక్క మాట. కడిగే ద్రవం మార్చినంత మాత్రాన పాలియెస్టర్ రెజిన్‌లోని స్టైరీన్ పోదు. 2020 మే 7న విశాఖపట్నంలో ప్రాణాలు తీసిన ఆవిరి అదే. మోతాదు వేరు కావచ్చు, పదార్థం ఒక్కటే. కనుక షెడ్డుకు ధారాళంగా గాలి ఆడాలి.

మీ ఇంటికి ఫైబర్ తలుపు కొనేటప్పుడు, దానిని చేసినవారి చేతులను ఒక్కసారి చూడండి. అవి పగిలి ఉంటే, ఆ డబ్బా గురించి యజమానిని అడగండి.