నూటికి డెబ్బదిమంది మెచ్చిన నియమము

చదరంగమాడువారు గుఱ్ఱపు నడకను మార్చవలసినదని ఎవరికిని అర్జీ పెట్టుకొనరు. శతాబ్దముల వాడుకచే స్థిరపడిన నియమమునకు కర్త యెవరో తెలియనప్పుడు తగవు పెట్టుకొనుట యెవరితో? కాని, ఒక బల్ల చుట్టును నలుగురైదుగురు కూర్చుండి, అందొకరు కథానిర్వాహకులై లోకమును వర్ణించుచుండగా తక్కినవారు యోధులు, మాంత్రికులు, పూజారులు మొదలైన పాత్రలను తాల్చి, తాము తలపెట్టిన సాహసము ఫలించునో లేదో పాచికలు వేసి తేల్చుకొను ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వంటి ఆటలకు కర్తలున్నారు. ఆ కర్తలకు చిరునామాలున్నవి. ఆడువారికి వారిపై కోపతాపములును ఉన్నవి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను అమెరికనులిరువురు మూడు చిన్న పుస్తకములుగా ఈ ఆటను వెలువరించినప్పుడు, తాళములు తీయుటయు, చీకటిలో నక్కుటయు, ఉచ్చులను పసిగట్టుటయు నేర్చిన దొంగ పాత్ర అందులో లేదు. కాలిఫోర్నియాలోని సాంటా మోనికా పట్టణమున ఒక దుకాణమున చేరి ఆడుకొనువారు తమ వినోదమునకై తాము కల్పించుకొన్న పాత్ర యది. ఆ ముచ్చట ఫోనులో విన్న గైగాక్స్ దానికి తన ధోరణిలో నియమములు వ్రాసి, 1975లో ‘గ్రేహాక్’ అను అనుబంధమున చేర్చెను. దొంగ లేని సాహసబృందమును నేటి ఆటగాండ్రు ఊహింపను గూడ లేరు.

అదే గైగాక్స్ కొన్నియేండ్లకే, ఎవరికి తోచినట్లు వారు నియమములను దిద్దుకొనుట ఆటకు చేటని వాదింపసాగెను. ఊరూరను పోటీలు జరుగవలెనన్నచో ఊరికొక నియమము పనికిరాదు గనుక ఆయన వాదమున కొంత న్యాయము లేకపోలేదు. అయినను ఆయన మాటను ఆటగాండ్రు మన్నించిన జాడ లేదు. ఏ బల్ల నియమము ఆ బల్లకే చెల్లినది.

ఇప్పుడు ఆ ఆటకు స్వామ్యము వహించిన విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ వేరొక త్రోవ త్రొక్కినది. 2008లో వెలువడిన నాలుగవ కూర్పు పాతకాపులలో పెక్కుమందికి రుచింపకపోగా, వారి యసంతృప్తియే పెట్టుబడిగా పైజో అను మరియొక సంస్థ పాత నియమములనే సంస్కరించి, అచ్చునకు ముందే ఆటగాండ్రకు పంచి పరీక్షింపజేసి, 2009లో ‘పాత్‌ఫైండర్’ అను పోటీ క్రీడను నిలబెట్టెను. ఆ దెబ్బతో కన్ను తెరచిన విజర్డ్స్ వారు ఐదవ కూర్పును 2012 నుండి బహిరంగముగా పరీక్షకు పెట్టిరి. 2014లో వెలువడిన గ్రంథమున, 1,75,000 మందికి పైగా అభిమానులు ఈ పరీక్షలో పాల్గొనిరని కృతజ్ఞతలు చెప్పుకొనిరి. పిమ్మట ఏ క్రొత్త నియమమైనను ముందుగా ముసాయిదాగా వెలువడుటయు, దానివెంట ప్రశ్నావళి వచ్చుటయు ఆచారమైపోయినది. సుమారు 70 శాతము సంతృప్తి నోచుకొనని నియమము ముందుకు సాగుట కష్టమని ఆ రూపకర్తలే చెప్పియున్నారు.

ఇక్కడనే నాకు వారితో పేచీ. ప్రశ్నావళి వలన మేలు లేదనుట నా యుద్దేశము కాదు. అది లేనిచో గొంతు పెద్దదైన నలుగురి మాటయే నలుదెసల మాటగా చెలామణి యగును; ఆ ప్రమాదము కంటె అంకె మేలే. కాని అంకె ఒక నియమము జనులకు ఇష్టమా కాదా యని మాత్రమే చెప్పును. అది యేల పుట్టినదో, అది తీర్పబూనిన చిక్కు తీరినదో లేదో చెప్పదు. పైగా ప్రశ్నావళికి ఉత్తరములు వ్రాయువారిలో ఆ నియమముతో ఒక సాయంకాలమైనను ఆడినవారెందఱో, చదివి ముఖము చిట్లించినవారెందఱో వేరుచేయుట సులభము కాదు. చదివినంతనే నచ్చునది తఱచుగా పరిచితమైనది. అపరిచితమైనది ఆడిన పిమ్మట గాని నచ్చదు. కావున శాతమునకు తలయొగ్గిన రూపకర్త తెలియకయే పాతదానివైపు ఒరగును.

2012 ఆగస్టు ముసాయిదాలో సార్సరర్ అను మాంత్రికుడొకడు ఉండెను. మంత్రశక్తి వ్యయమగుకొలది వానిలోని డ్రాగన్ రక్తము పైకొని, మంత్రములు సన్నగిల్లి శరీరము కఠినమై, వాడు క్రమముగా యోధుడగుచుండును. చేతిలోని సొమ్ము తరుగుచుండగా మనిషియే మారిపోవు ఆ కల్పన నాకెంతయో నచ్చినది. తరువాతి ముసాయిదాలలో అది మాయమైనది. 2023 ఫిబ్రవరి ముసాయిదాలోని, జంతురూపములు దాల్చు డ్రూయిడ్ పాత్రకును ఇట్టి గతియే పట్టినది. జంతురూపము దాల్చినప్పుడెల్ల ఆటగాడు జంతువుల పట్టికలు తిరుగవేయుచుండగా తక్కినవారు ఆవులించుచుండుటయు, ఒక జంతువునకును వేరొకదానికిని బలమున పొంతన లేకుండుటయు ఆ ఆటకు పాత జాడ్యములు. నేల, నీరు, ఆకసము అను మూడింటికి మూడు సామాన్యరూపములను ఏర్పరచి ఆ జాడ్యమును మాన్పజూచిరి. తోడేలునకును ఎలుగునకును తేడాయే లేనిచో అది మాకు రుచింపదని ఆటగాండ్రు ఖండితముగా తిరస్కరించిరి. వారి మాటయు కాదనదగినది కాదు. 2024 గ్రంథమున జంతువులు తిరిగి వచ్చినవి; అయితే ఒక డ్రూయిడ్ ఎఱిగియుండదగిన రూపముల సంఖ్యకు హద్దు ఏర్పడినది. జాడ్యము సగము నయమైనదనవలెను.

దీనికంటె చక్కగా నడచినది 2018లో పైజోవారు ‘పాత్‌ఫైండర్’ రెండవ కూర్పునకు జరిపిన పరీక్ష. మొదటి కూర్పులో నొక హాస్యాస్పదమైన అలవాటు పాతుకొనిపోయినది. 750 బంగారు నాణెములకు కొన్న మామూలు మంత్రదండము 50 మాఱులు గాయములను మాన్పును గనుక, వీరాధివీరులు సైతము ప్రతి పోరాటము పిదపను వరుసలో నిలుచుండి ఆ చౌక దండముతో తట్టించుకొని, ఒడలు బాగుచేసికొని, మరల బయలుదేరెడివారు. దీనిని అరికట్టుటకై ‘రెసొనెన్స్’ అను నొక లెక్క పెట్టిరి. పాత్ర స్థాయిని, ఆకర్షణగుణమును బట్టి దినమునకు ఇన్ని యని నిర్ణయింపబడిన ఆ అంకెలలో, ఉంగరము ధరించినను, దండము ప్రయోగించినను, తుదకు ఔషధము త్రాగినను ఒక్కొక్కటి తరిగిపోవును. ఆటగాండ్రు భగ్గుమనిరి. చచ్చుచున్నవాని నోట ఔషధము పోయబోగా, నీ లెక్క అయిపోయినది గనుక ఇది నీకు పనిచేయకపోవచ్చునని చెప్పవలసివచ్చు నిర్వాహకుని యవస్థ తలచికొన్నచో వారి కోపము సహేతుకమని తోచును.

రూపకర్తలు అంతట పాత పద్ధతికి మరలిపోవలసినది. శాతము చెప్పినది అదియే గదా. వారట్లు చేయలేదు. నియమమును విడిచిరి గాని, దానిని పుట్టించిన చిక్కును విడువలేదు. 2019లో వెలువడిన గ్రంథమున ఔషధమునకు ఏ లెక్కయు లేదు. ఒంటిపై ధరించు మహిమవస్తువులకు మాత్రము దినమునకు పది యను హద్దు కలదు. దండము దినమునకు ఒక్కమాఱే నమ్మకముగా పనిచేయును. గాయములను మాన్పు పని పది నిమిషములు కూర్చుండి కట్లుకట్టు వైద్యవిద్యకు అప్పగింపబడినది. ఆటగాండ్ర ఉత్తరములలో రెసొనెన్స్ వలదను మాట మాత్రమే యుండెను. ఈ పరిష్కారమును అల్లినవాడు శిల్పి.

వారడిగిన తీరును గమనింపదగినది. ఊరక పుస్తకమిచ్చి, నచ్చినదా యని అడుగక, ‘డూమ్స్‌డే డాన్’ అను ఏడు భాగముల సాహసకథను రచించి, ఒక్కొక్క భాగమున నియమములలో నొక్కొక్క యంగము పరీక్షకు వచ్చునట్లు ఏర్పరచిరి. ఒకానొక భాగమున శత్రువులు అలలు అలలుగా వచ్చుచునే యుందురు; ఎంతసేపు నిలువగలరో కొలుచుటయే అచ్చటి పని. ప్రతి భాగమునకును ప్రశ్నావళి వేరు. ఆడినవాని అనుభవమునకును చదివినవాని అభిప్రాయమునకును గల యంతరమును వారు గుర్తించిరన్నమాట. ఇందుకు భిన్నముగా, 2022 ఆగస్టులో విజర్డ్స్ వారు, 20 ముఖముల పాచికపై 20 పడినప్పుడు కలుగు రెట్టింపు దెబ్బను రాక్షసుల నుండి తొలగించి, మరుసటి నెల ముసాయిదాలోనే పాత నియమమును పునఃప్రతిష్ఠించిరి. ఒక నెలలో ఎన్ని బల్లలపై అది నిజముగా ఆడబడియుండునో వారే చెప్పవలెను.

శాతము చాలిన సందర్భము లేకపోలేదు. 2023 జనవరిలో ఈ ఆట నియమములను ఇతరులు తమ రచనలలో వాడుకొనుటకు 2000 నుండి చెల్లుచున్న అనుమతిపత్రమును రద్దుచేసి క్రొత్తది తేబూనినప్పుడు, లోకమంతటి ఆటగాండ్రు లేచి నిలువగా, విజర్డ్స్ సంస్థ ఆ ముసాయిదాను గూడ ప్రశ్నావళికి పెట్టినది. అది శిల్పవిషయము కాదు, సమ్మతివిషయము. 15,000కు పైగా ఉత్తరములు వచ్చినవి. పాత పత్రమును రద్దుచేయుట తమకు సమ్మతము కాదనినవారు 89 శాతము. గడువు తీరకయే ఆ నెల 27వ తేదీన సంస్థ వెనుకకు తగ్గి, పాత పత్రమును యథాతథముగా ఉంచుటయే గాక, ఐదవ కూర్పు మూలనియమములు గల సుమారు 400 పుటల గ్రంథమును క్రియేటివ్ కామన్స్ షరతులపై లోకమునకు విడిచిపెట్టెను. ఆ షరతులు ఇచ్చినవారు మరల వెనుకకు తీసికొన వీలులేనివి. మూలమును పేర్కొనినచో చాలును. నేడు ఎవరైనను, ఎవరినడుగకయు, ఆ నియమములను తమకు నచ్చినట్లు మార్చి అచ్చువేసి అమ్ముకొనవచ్చును.