గనికొక కొలిమి

గత సంవత్సరం డోన్‌లో ఒక తండ్రి పన్నెండేళ్ళ కుమారుని చేయిపట్టుకుని మా వద్దకు వచ్చాడు. “మౌల్వీ సాబ్, వీడి తలలో రాయి తప్ప ఏమీ లేదు. బేతంచెర్లలో బండల పనికి పెడతాను” అన్నాడు. మేము వారించలేదు. ఆ బిడ్డకు పాఠం కంఠస్థం కాదని మేమూ తీర్మానించుకుని ఉన్నాము.

దైవప్రవక్త ముహమ్మద్ (స) మానవులను వెండి బంగారు గనులతో పోల్చారు. హజ్రత్ అబూహురైరా (ర) ఉల్లేఖించిన ఈ హదీసును ఏళ్ళ తరబడి బోధించాము. కాని గనిలోని లోహం చేతికెలా వస్తుందో మేము యోచించినది తక్కువ.

మన కర్నూలు, నంద్యాల జిల్లాలు గనుల సీమ. జొన్నగిరి రాళ్ళలో బంగారం ఉన్నది. గడివేముల మండలంలో గని అనే ఊరి వద్ద పూర్వులు రాగి కోసం త్రవ్విన ఆనవాళ్ళున్నవి. వెల్దుర్తి, రామళ్ళకోటలలో ఇనుపరాయి, డోన్ చుట్టుప్రక్కల డోలమైటు లభిస్తాయి.

లోహం ఎంత చురుకైనదో, తాను కలిసిన ఆక్సిజన్‌ను అంత గట్టిగా పట్టుకుంటుంది. బంగారం దేనితోనూ సులభంగా కలవదు. అది బంగారంగానే దొరుకుతుంది. రాతిని పొడిచేసి వేరుచేయాలి. గంధకంతో కలిసిన రాగిరాతిని గాలిలో కాల్చితే గంధకం వాయువుగా పోతుంది, కొలిమిలో రాగి దిగుతుంది. ఇనుముకు బొగ్గు కావాలి. బొగ్గు నుండి పుట్టిన కార్బన్ మోనాక్సైడు ఇనుపరాతిలోని ఆక్సిజన్‌ను లాగివేస్తుంది.

అల్యూమినియం ఆ బొగ్గుకు లొంగదు. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ వేర్వేరుగా ఒకే మార్గం కనుగొన్నారు. ద్రవరూపంలోని క్రయొలైటులో అల్యూమినాను కరిగించి విద్యుత్తు పంపగా లోహం విడివడినది. అంతవరకు అరుదైన ఆ లోహమే నేడు మన వంటింటి గిన్నె.

డోలమైటు సంగతి మమ్మల్ని మరీ కదిలించినది. ఇనుము తీసే కొలిమిలో మలినాలను తొలగించడానికి దానినీ వేస్తారు. అందులో మెగ్నీషియం అనే లోహం ఉన్నది. ఇనుమును విడిపించిన ఆ మంట మెగ్నీషియంను విడిపించలేదు. అది చిట్టెంలో కలిసి బయటికి పోతుంది. చూసేవారు అందులో లోహమే లేదనుకుంటారు.

మేము కూడా అలాగే అనుకున్నాము. మా వద్ద ఉన్న కొలిమి ఒక్కటే: వల్లెవేత, దానివెనుక బెత్తం. ఆ బిడ్డ మధ్యాహ్నం వేళ చిన్నపిల్లలను కూర్చోబెట్టుకుని ఇసుకలో అలిఫ్, బే వ్రాయించేవాడు. వారు త్వరగా నేర్చుకునేవారు. అది మా కంటబడినది, మేము లెక్కచేయలేదు.

తల్లిదండ్రులారా! చదువు రాదని బిడ్డను పనికి పంపే ముందు, ఎన్ని విధాల నేర్పి చూశామో లెక్కించండి. ఉపాధ్యాయులమైన మేము మీకన్నా ముందు ఆ లెక్క చెప్పుకోవాలి. ఈ సంచిక మీ చేతికి అందేలోగా మేము ఆ తండ్రి గడప తొక్కుతాము, ఇన్షా అల్లాహ్. ఆయన సృష్టించిన గనులను గుర్తించే చూపును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక, ఆమీన్.