వాన సెలవు మాకేనా?

రాత్రి తొమ్మిదింటికి తరగతి వాట్సాప్ గ్రూపులో "రేపు బడికి సెలవు" అని రాగానే మేము ఎగిరి గంతేస్తాం. అదే సమయంలో ఇంట్లో నాన్నగారు రెయిన్‌కోటు వెతుక్కుంటూ ఉంటారు. మా తరగతిలో తెలుగువాళ్లం ఆరుగురం. మా అమ్మానాన్నలు రైల్వేలో, బ్యాంకులో, తపాలా శాఖలో పనిచేస్తారు. బదిలీల పుణ్యమా అని ముంబయి వానలు, ఢిల్లీ పొగమంచు, రామగుండం ఎండలు అన్నీ చూశాం. ఎక్కడైనా ముందు మూతపడేది బడే. పెద్దవాళ్ల పని మాత్రం ఆగదు.

రైల్వేలో కీమ్యాన్ ఉంటారు. సుత్తి, స్పానర్, జెండాలు పట్టుకుని రోజూ తన వంతు పట్టాలను కాలినడకన పరీక్షిస్తారు. వేడికి ఇనుము వ్యాకోచిస్తుందని మేము పాఠంలో చదివి మార్కులు తెచ్చుకున్నాం. ఆయనకు అదే ఉద్యోగం. పట్టా మరీ వేడెక్కితే వంకర తిరిగే ప్రమాదం ఉంది కాబట్టి మండుటెండలో ప్రత్యేకంగా గస్తీ తిరగాలి. వానాకాలంలో రాత్రి గస్తీ కూడా ఉంటుంది. మమ్మల్ని బయటికి వెళ్లొద్దనే గంటలోనే వారి డ్యూటీ మొదలవుతుంది. వారికి సెలవివ్వమని మేము అడగం, రైళ్లు నడవాలి కదా. కానీ దారిలో నీడ, తాగునీరు, పని పంచుకోవడానికి ఇంకొంతమంది మనుషులు ఉండాలి.

ఆఫీసులకు వెళ్లేవారి తిప్పలు వేరు. 2005 జూలై 26న ముంబయి శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. అంతటి వాన రోజూ పడదు. కానీ మోకాలి లోతు నీళ్లలో నడిచి వెళ్లినా, బయోమెట్రిక్ మిషన్‌కు తెలిసేది ఆలస్యం ఒక్కటే.

అందరికంటే నష్టపోయేది రోజుకూలీలు. ఢిల్లీలో చలికాలం గాలి బాగా పాడైతే నిర్మాణ పనులు ఆపేస్తారు. ఆఫీసు ఉద్యోగులు కొందరు ఇంటి నుంచి పనిచేస్తారు. ఇటుకలు ఇంటి నుంచి మోయలేరుగా! పేరు నమోదైన కార్మికులకు ప్రభుత్వం పరిహారం ఇచ్చిన సందర్భాలున్నాయి. నమోదు కానివారి సంగతేమిటి?

"వాన పేరు చెప్పి ఎగ్గొట్టేవాళ్లు ఉండరా?" అని మా టీచర్ అడిగారు. ఉంటారు, ఆ విద్య మాకూ కొంత తెలుసు. అందుకే మా మాట ఇది: వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇచ్చిన రోజున ఆలస్యాన్ని లెక్కించకూడదు, రాలేకపోయిన రోజుకూలీకి కూలి కోయకూడదు. అలర్ట్ అందరికీ తెలిసేలా వస్తుంది కాబట్టి దొంగ సాకులకు చోటుండదు.

మాలో ఇద్దరం ఇదివరకు చదివిన బడిలో, ఒక వాన సెలవు రోజున ఊడ్చే ఆయమ్మ నీళ్లలో నడిచి వచ్చారట. గేటుకు తాళం. ఆ రోజు కూలి రాలేదు. సెలవని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ వాట్సాప్ గ్రూపులో ఆమె లేరు.