వేగమునకు గురువు కావలెను

రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట ఏలూరు పొలిమేరలయందు పాత మద్రాసు-కలకత్తా రోడ్డుప్రక్క నిలిచి చూచువారికి ఒక దృశ్యము చిరపరిచితము. ధాన్యపు లారీలును చేపల లారీలును బారులు తీరి పోవుచుండును. వాని సందులనుండి యిద్దరు ముగ్గురు కుఱ్ఱవాండ్రు మోటారు సైకిళ్లపై పంతము పట్టి దూసికొనిపోవుదురు. తలపై హెల్మెట్టు ఉండదు, ముందేమున్నదో తెలియదు, తెలిసికొనవలెనన్న తలంపును ఉండదు. ఒకానొక దినమున ఈ పంతము రోడ్డుప్రక్క కాలువలోనో, నిలిచియున్న లారీ క్రిందనో ముగియును. మరునాడు పత్రికలో నాలుగు పంక్తుల వార్త వెలువడును. ఆ వార్తను ఊరు వారము దినములలో మరచును. కన్నతల్లి మాత్రము ఎన్నటికిని మరువజాలదు.

ఇది మన జిల్లాలకే పరిమితమైన దుఃఖము కాదు. 2022వ సంవత్సరమున దేశమునందు రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మృతిచెందిరని కేంద్ర రవాణాశాఖవారు ప్రకటించియున్నారు. అందు నూటికి 71 మరణములకు మితిమీరిన వేగమే కారణమట. మృతులలో నూటికి 44 మందికి పైగా మోటారు సైకిళ్లు మున్నగు ద్విచక్రవాహనములపై పోయినవారే. యుద్ధభూమిలో ఇంతమంది రాలినచో దేశమంతయు అట్టుడికియుండును. రోడ్డుమీద రాలుచున్నారు గావున ఉదాసీనులమై యున్నాము.

ఇందుకు మనము ఇంతవరకు కనిపెట్టిన చికిత్స శిక్ష యొక్కటియే. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 189వ విభాగమున బహిరంగస్థలములలో పందెములు వేయుట నేరమని చెప్పబడినది. 2019లో ఆ శిక్షను పెంచి, మొదటి తప్పునకు మూడుమాసములవరకు ఖైదు గాని, 5,000 రూపాయలవరకు జరిమానా గాని, లేక రెండును గాని విధింపవచ్చునని సవరించిరి. శిక్ష వలదని మేమనము. నడిరోడ్డున అన్యుల ప్రాణములతో ఆటలాడువానికి శిక్ష తప్పకూడదు. కాని ఆ విభాగమునే నిదానించి చదివినచో అందొక వాకిలి కనబడును. రాష్ట్రప్రభుత్వమువారి లిఖితపూర్వకమైన అనుమతి లేకుండ పందెములును వేగపరీక్షలును జరుపరాదని చట్టము వచించుచున్నది. అనగా అనుమతితో, నియమములతో, తగినచోట జరుపుట సాధ్యమేయని చట్టకర్తలు ఊహించియే యుండిరి. మన ప్రాంతమున ఆ వాకిలి తలుపు తట్టి చూచినవారు అరుదు.

ఇతర దేశములవారు ఈ సమస్యను వేరుమార్గమున ఎదుర్కొనుచున్నారు. పందెగాండ్రు కాని సామాన్యులు తమ సొంత వాహనములను తెచ్చి, రుసుము చెల్లించి, ఇతరులెవ్వరును అడ్డురాని బాటపై నడపుటకు ప్రత్యేక దినములను ఏర్పరచినారు. ఇంగ్లీషువారు వీనిని ‘ట్రాక్ డే’లందురు. పేరు ఒకటే యైనను వాని నిర్వహణము దేశమునకొక తీరుగా నున్నది. ఆ భేదములయందే మనము నేర్వదగినది కలదు.

జర్మనీదేశమున ఐఫెల్ కొండలలో 1927లో తెరచిన న్యూర్బర్గ్‌రింగ్ బాట ప్రసిద్ధమైనది. దాని ఉత్తరభాగము ఇరువది కిలోమీటర్లకు పైబడిన పొడవు గలది. నిర్ణీతదినములలో సుంకము చెల్లించినవారెవ్వరైనను అందు ప్రవేశింపవచ్చును. అయినను ఆ వేళ అది పందెపుబాట కాదు; ఒకే దిక్కుగా పోవు సుంకపురోడ్డు. దేశపు రోడ్డుచట్టము అచ్చటను వర్తించును. కుడివైపున పోవలయును, ఎడమవైపునుండియే దాటవలయును. గడియారము పట్టుకొని కాలము లెక్కించుట నిషిద్ధము. ప్రమాదము చేసినవాడు విరిగిన కంచెకును, వాహనమును లాగుకొనిపోవుటకును సొమ్ము చెల్లించుకొనవలెను. అచ్చట గురువు లేడు, పరీక్ష లేదు, చట్టమే కాపలాదారు.

జపానులో పద్ధతి వేరు. సుజుకా, ఫుజీ మున్నగు బాటలవారు తమ బాటపై నడపగోరువారికి ముందుగా ఉపన్యాసము వినిపించి, జెండాల అర్థములను నేర్పి, తమ సొంత లైసెన్సు నిత్తురు. అది చేతలేనివానికి ఆ నిర్ణీతవేళలలో ప్రవేశము లేదు. మోటారు సైకిళ్లకు ఒక వేళ, కార్లకు వేరొక వేళ, రెండును కలియవు. అచ్చట అర్హతాపత్రమే కాపలాదారు.

అమెరికాలో ఈ దినములకు విద్య యనియే పేరు. వచ్చినవారిని కొత్తవారనియు, మధ్యములనియు, ఆరితేరినవారనియు జట్లుగా విభజింతురు. వాహనపు బ్రేకులు, టైర్లు, చక్రపుమరలు ముందే తనిఖీ చేయబడును. కొత్తవాని ప్రక్కసీటులో అనుభవశాలియగు గురువు కూర్చుండి, ఎచ్చట బ్రేకు వేయవలెనో, ఎచ్చట చూపు నిలుపవలెనో చెప్పుచుండును. నడుమ నడుమ తరగతిగదిలో పాఠము జరుగును. ముందున్నవాడు చేయిచూపి దారి యిచ్చిననే వెనుకవాడు దాటవలెను. అచ్చట గురువే కాపలాదారు.

ఇంగ్లండులోనో, వచ్చినవాడు తన సాహసమునకు తానే బాధ్యుడనని ఉదయముననే సంతకము చేయవలెను. పిదప నియమములు చదివి వినిపింతురు. మొదటి చుట్లు మెల్లగా త్రిప్పి బాటను చూపుదురు. హెల్మెట్టు లేనిదే ప్రవేశము లేదు. ఎవరు ముందు వచ్చిరని లెక్కించుట నిషిద్ధము. అట్లు లెక్కించినచో అది పందెమై, భీమాయు వ్యవహారమును మారిపోవును. వాహనపు చప్పుడునకు కూడ హద్దు కలదు. కొలిచి చూచి, హద్దు మీరినదానిని ఇంటికి పంపుదురు. ఇరుగుపొరుగు గ్రామములవారి చెవులకు ఆ దేశమున అంతటి గౌరవము. అచ్చట నడపువాని సంతకమే కాపలాదారు.

చట్టము, అర్హతాపత్రము, గురువు, సంతకము: నాలుగు దేశముల నాలుగు మార్గములివి. వీనిలో మనకు ఏది తగును? కేవలము చట్టముపై ఆధారపడు జర్మనీపద్ధతి మనకు కుదరదు. చట్టము వ్రాసియుండుట వేరు, జనులు దానిని పాటించుట వేరు. వట్టి సంతకము ఇక్కడ ఎంతటి సులభమో ఎవరికి తెలియదు? చదువకయే సంతకములు చేయుటయందు మనము ఆరితేరినవారము. ఇక లైసెన్సు సంగతి చెప్పనేల? వాహనమును ఎనిమిది అంకెవలె త్రిప్పి చూపినవాడు చేపల లారీనుండి కారిన నీటిపై బ్రేకు వేయుట ఎట్లో నేర్చినాడని యెవ్వరనగలరు? కావున గురువును ముందుంచుకొను అమెరికాపద్ధతియే మనకు శ్రేయస్కరమని మా నిశ్చితాభిప్రాయము. గురుముఖతః నేర్చిన విద్యయే విద్యయను భావము మన రక్తముననే కలదు. సంగీతమునకు, సామునకు, ఈతకు గురువును వెదకిన జాతి, ప్రాణముతో చెలగాటమాడు వేగమునకు మాత్రము గురువక్కరలేదని యెట్లు తలంచినదో!

అయితే పరదేశపు పద్ధతిని ఉన్నదున్నట్లు తెచ్చి నాటరాదు. అచ్చట ముఖ్యము కారు. ఇచ్చట ముఖ్యము మోటారు సైకిలు. ద్విచక్రవాహనముపై గురువు ప్రక్కన కూర్చుండజాలడు గావున ముందు నడచి దారి చూపవలెను, లేదా ప్రక్కన నిలిచి చూచి తప్పు దిద్దవలెను. మరియు మన పిల్లలకు కావలసిన తొలిపాఠము వేగము కాదు, ఆగుట. తడిసిన రోడ్డుపై, ఎండబోసిన వడ్లమీద, గట్టు అంచున, ఎదుట లారీదీపము కండ్లు చీకట్లు క్రమ్మించువేళ ఎంత దూరమున ఆగగలడో ప్రతివాడును తన కన్నులతో చూచికొనవలెను. వేగము రెట్టింపైనచో బ్రేకు వేసిన పిదప వాహనము జరుగు దూరము నాలుగురెట్లగును. ఈ లెక్కను పుస్తకమున చదివినవాడు మరచును. మూసిన బాటపై ఒక్కసారి అనుభవించినవాడు మరువడు. అమెరికాలోనే, రబ్బరు శంకువులు నిలిపి, ఒక్కొక్క వాహనమునే వానినడుమ త్రిప్పించు మరియొక పద్ధతి కలదు. దానికి విశాలమైన చదునునేల చాలును. రోడ్డుపై పోవు వేగమును మించనక్కరయు లేదు. మనకు ఆరంభమునకు ఇదియే తగినది.

చోటెక్కడయని అడుగుదురు. ఇంగ్లండువారు ఈ ప్రశ్నకు రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన వెంటనే సమాధానము కనుగొనిరి. యుద్ధవిమానములు విడిచిపోయిన సిల్వర్‌స్టన్, గుడ్‌వుడ్ మైదానములను 1948లోనే మోటారుబాటలుగా మార్చుకొనిరి. మన పొరుగున చెన్నపట్నపువారును వెనుకబడలేదు. ఇదే పాత కలకత్తారోడ్డు ప్రక్కనున్న షోలవరము యుద్ధకాలపు విమానపథముపై ఏండ్లతరబడి పోటీలు జరిపిరి. 1953లో స్థాపితమైన మద్రాసు మోటారు క్రీడాసంఘమువారు పిదప శ్రీపెరుంబుదూరు చెంత ఇరుంగాట్టుకోటలో ప్రత్యేకమైన బాటనే నిర్మించుకొనిరి. ఆ రోడ్డుననే ఉత్తరముగా వచ్చినచో మన తాడేపల్లిగూడెమునను యుద్ధకాలమున నిర్మింపబడిన విమానపథమొకటి కలదు. తెల్లవారుజామున పట్టణవాసులకు అది నడకబాట. అచ్చట మరల విమానాశ్రయము వెలయవలెనని కోరువారును కలరు. ఆ భూమి ఎవరికి చెందవలెనో తీర్పుచెప్పుట ఈ వ్యాసమున మా పని కాదు. ఆ నిర్ణయము జరుగువరకైన మాసమున కొక్క దినము ఇట్టి శిక్షణమునకు దానియందొక భాగమును కేటాయింపవచ్చునా యని విచారింపుడనియే మా ప్రార్థన. ఆ నేల తగునో తగదో ఇంజనీర్లు పరీక్షించి చెప్పవలెను. తగదన్నచో మార్కెట్టు ఆవరణములు, కళాశాలల మైదానములు ఉండనే యున్నవి.

ఇందుకు ఆక్షేపణలు రాకపోవు. ఇది ధనవంతుల వినోదమని కొందరందురు. విదేశములలో చాలవరకది నిజమే; టైర్లు అరుగగొట్టుకొనుటకు డబ్బుండవలెను గదా. అందువలననే రుసుము నామమాత్రముగా ఉండవలెననియు, ప్రభుత్వమే వ్యయము భరింపవలెననియు మేము కోరుచున్నాము. వేగమును నేర్పినచో వేగమునందు మోజు పెరుగునని మరికొందరందురు. ఈ శంకను తేలికగా త్రోసిపుచ్చజాలము. గడియారమును, బహుమానమును, చప్పట్లను అచ్చటకు రానిచ్చినచో ఆ శంకయే నిజమగును. కావుననే పై దేశములవారు ఈ దినములను పందెములనుండి జాగ్రత్తగా వేరుపరచినారు. మనమును వేరుపరుపవలెను. ఒక్కదినపు శిక్షణముతో రోడ్డు మరణములన్నియు ఆగునని భ్రమపడువారము కాము. చెడిన రోడ్లు, వెలుగని దీపములు, దీపము లేక నిలిపిన లారీలు, త్రాగి నడపుట, ఇవి వేరు చికిత్సలు కోరు వ్యాధులు.

ఇంకొక హద్దును కూడ ఇప్పుడే గీయవలెను. కొల్లేటి గట్లపైకి ఈ వేడుకను ఎన్నటికిని రానీయరాదు. 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రాంసార్ ఒడంబడిక జాబితాకెక్కిన సరస్సు అది. ఆటపాకలో గూళ్లు కట్టుకొను గూడబాతులు మన వేగమును సహింపవలసిన అగత్యము లేదు. ఆ గట్లమీద నేడు అనుమతి లేకయే జరుగు పందెములు సైతము ఆగవలయును. వేగమునకు ఒకచోటు చూపుట యనగా తక్కినచోట్లను దానినుండి కాపాడుటయే.

ఏలూరు, పశ్చిమగోదావరి జిల్లాలు 2022లో వేరుపడినను ఈ రోడ్డును, ఈ దుఃఖమును ఉమ్మడివే. రెండు జిల్లాల కలెక్టరులును, రవాణా, పోలీసు శాఖలవారును ఒకచోట కూర్చుండి యోచింపవలెను. తాడేపల్లిగూడెముననే 2015లో వెలసిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థవారి పాండిత్యమును వినియోగించుకొనవలెను. అంబులెన్సు, అగ్నిమాపకదళము, తనిఖీచేయు మేస్త్రీ, బోధించు గురువు, వీరిలో ఏ ఒక్కరు లేకున్నను ఆనాడు బాట తెరువరాదు.

తల్లిదండ్రులకు ఒక్కమాట. మైనరు బిడ్డకు వాహనమిచ్చి అతడు నేరము చేసినచో మూడేండ్లవరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా మీకు కలుగవచ్చునని 2019 సవరణము హెచ్చరించుచున్నది. ఆ శిక్షకు వెరచి కాదు, బిడ్డపై మమకారముచే తాళముచెవిని దాచుడు. ఈడు వచ్చిననాడు ఆ తాళముచెవితోపాటు ఒక గురువును కూడ చూపుడు. యౌవనము వేగమును కోరక మానదు. దానికి గురువును మనమీయకున్నచో నడిరోడ్డే గురువగును. ఆ గురువు కోరు దక్షిణను ఏ తల్లియు చెల్లింపజాలదు.